పేరు వ్రాయని ప్రశ్న



గోడమీద వ్రాత అనగానే మన సంఘములలోని చిన్న పిల్లలు సైతము బెల్షస్సరు రాజు పేరు చెప్పుదురు. దానియేలు గ్రంథము 5వ అధ్యాయమును ఆదివారపు బడిలో వినని వారు తక్కువ. విందు మధ్య ఒక చేయి కనబడుట, రాజు ముఖము పాలిపోవుట, చదువగల వారెవరును లేక సభ అంతయు కలవరపడుట మనకు కన్నులకు కట్టినట్లుండును. ఆ రాజు దేనిని గూర్చియు అడుగలేదు. అడుగని వానికి ఆ గోడ జవాబు చెప్పెను.

ఈ నెల మేము మరియొక గోడను గూర్చి వ్రాయదలచితిమి. అది అడిగిన వారికే జవాబు చెప్పును గాని, అడిగినది ఎవరని మాత్రము విచారింపదు.

అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రములో, బాస్టన్ పట్టణమును ఆనుకొని, బాస్టన్ కాలేజీ అను విద్యాలయము గలదు. రోమను కతోలికులలోని జెస్యూట్ సభవారు దానిని 1863లో స్థాపించిరి. అచ్చటి పెద్ద గ్రంథాలయమునకు ఓనీల్ గ్రంథాలయమని పేరు. ఆ కాలేజీలోనే చదువుకొని, పిదప ఆ దేశపు ప్రతినిధుల సభకు స్పీకరైన థామస్ ఓనీల్ పేరు దానికి పెట్టిరి. ఆ గ్రంథాలయములో ఒక గోడకు జవాబుల గోడ అని పేరు వచ్చినది. చదువుకొను పిల్లలు గాని, చూచుటకు వచ్చిన పరాయి వారు గాని చిన్న కాగితపు ముక్కమీద తమ ప్రశ్న వ్రాసి దానికి అంటించి వెళ్లుదురు. కొంత కాలమునకు ఆ ప్రశ్నతో కూడ జవాబు కనబడును. అడిగినవారు పేరు వ్రాయరు. జవాబు వ్రాసినవారును పేరు వ్రాయరు. గోడయే నోరు తెరచి మాటలాడుచున్నట్లు ఆ జవాబులుండును. వ్రాయువారు గ్రంథాలయ ఉద్యోగులని అందరికిని తెలిసిన సంగతే. అయినను గోడ చెప్పినదనియే అందురు.

ఆ ప్రశ్నలు ఒక తీరున నుండవు. కొన్ని కేవలము ఆటకు వ్రాసినవి. కొన్ని చదువును గూర్చినవి. మరి కొన్ని చూడగా ప్రాణము చివుక్కుమనును. స్నేహితులు లేరనియు, ప్రేమించిన వారు విడిచిపోయిరనియు, పరీక్షలన్న భయమనియు, తల్లిదండ్రులకు ఏమి చెప్పవలెనో తోచుటలేదనియు వ్రాయుదురు. పరిహాసమునకు పరిహాసముగానే జవాబు వచ్చును. అయితే బరువైన ప్రశ్నకు బరువైన జవాబే వ్రాయుదురు. ఈ విషయము పలాని పుస్తకములో నున్నది చూడుమని దారి చూపుదురు. పుస్తకముతో తీరని బాధయైనయెడల దానికి తగిన సహాయకులున్నారని తెలియజేయుదురు. గ్రంథాలయము కదా, ఉపదేశముకంటె పుస్తకము చేతికిచ్చుట దానికి అలవాటు. మేము దీనిని మెచ్చుకొనుచున్నాము. మనలో పలువురము ప్రశ్న వినుట ముగియకముందే ప్రసంగము మొదలుపెట్టుదుము.

ఇంత దూరపు సంగతి మా పల్లెలకెందుకు అని మీరు అడుగవచ్చును. కనుక దగ్గరకే వత్తము. పెండ్లికి ఇత్తడి పాత్రలో, పండుగకు ఎండు ఫలములో, కొట్టుకు కిరాణా సరుకో టోకున కొనుటకు హైదరాబాదులోని బేగం బజారుకు పోయి వచ్చినవారు మన సంఘములలో అనేకులున్నారు. నిజాము ఇంటి బేగము ఒకరు వర్తకులకు ఇచ్చిన స్థలమగుటచేత దానికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. అచ్చట కొట్టువాడు మన పేరడుగడు, ఊరడుగడు. ధర అడిగిన చెప్పును. అయినను పల్లెటూరి మనిషికి అక్కడ నోరు పెగలదు. ఏమియు కొనకుండ నాలుగు కొట్లలో ధర అడిగి వెళ్లిన ఏమనుకొందురో అని మొహమాటము. కొట్టువాడు మన పేరడుగకపోయినను మన చెప్పులు చూచును, మన చేతిసంచి చూచును. పేరు అడుగకపోవుట ఒకటి, మనిషిని తూచకపోవుట మరియొకటి. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడి.

బేగం బజారునుండి మూసీ నదివైపు కొంచెము దూరము నడచినచో అఫ్జల్‌గంజిలో ఒక గొప్ప భవనము కనబడును. అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. 1891లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ గారి పూనికతో అబిడ్సు ప్రాంతమున ఆసఫియా గ్రంథాలయమను పేర మొదలై, 1936లో ఇప్పటి భవనమునకు వచ్చినది. హైదరాబాదు గ్రంథాలయముల చట్టము 1955లో రాగా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. ప్రక్కనే ఉస్మానియా ఆసుపత్రి. ఆసుపత్రికి రోగిని తెచ్చినవారును, బజారుకు సరుకుకై వచ్చినవారును ఆ భవనము ముందుగానే పోవుదురు. లోపలికి పోవచ్చునని తోచువారు కొద్దిమందియే. లోపల జిల్లాలనుండి వచ్చిన యువకులు, యువతులు ఉద్యోగపు పరీక్షలకై ఉదయమునుండి సాయంత్రమువరకు కూర్చుండి చదువుకొనుచుందురు. వారిలో మన బిడ్డలును ఉన్నారు.

అంత పెద్ద భవనములో ఒక బల్లయొద్దకు పోయి, అయ్యా, నాకీ సంగతి తెలియదు, ఏ పుస్తకములో నుండును అని అడుగుటకు పల్లెటూరి బిడ్డకు కాళ్లాడవు. ఇది మన బిడ్డలకు మాత్రమే యున్న జబ్బు కాదు. 1876లో అమెరికాలోని వూస్టర్ అను పట్టణపు గ్రంథాలయాధికారి సామ్యూల్ గ్రీన్ అనునతడు తోటి గ్రంథాలయాధికారుల ముందు ఒక వ్యాసము చదివెను. సామాన్యులు అడుగుటకు జంకుదురు గనుక మనమే వారితో కలిసిమెలిసి మాటలాడి వారి ప్రశ్న కనుగొనవలెనని దాని సారాంశము. మన దక్షిణ దేశమువాడే యైన రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయపు గ్రంథాలయాధికారియై, 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు వ్రాసిరి. పుస్తకములు బీరువాలలో దాచుటకు గాక చదువుటకే యున్నవనియు, ప్రతి పాఠకునికిని తనకు తగిన పుస్తకము దొరుకవలెననియు, పుస్తకమునకును మనిషికిని మధ్య మరియొక మనిషి సహాయముగా నిలువవలెననియు ఆయన బోధించిరి. 1939లో అమెరికా గ్రంథాలయ సంఘమువారు తమ నియమావళిలో మరియొక మాట చేర్చిరి: పాఠకుని సొంత సంగతి ఏదైనను తెలిసినప్పుడు దానిని గుట్టుగా నుంచుట గ్రంథాలయాధికారి ధర్మము. ఈ నియమమును పెట్టుకొనిన సంఘము మతసంఘము కాదు సుమా! మన సంఘములు తమ నియమములలో ఇట్టి మాటను వ్రాసికొనినవో లేదో ఎవరికి వారు చూచుకొందురు గాక.

పేరు లేకుండ ప్రశ్న అడుగుట క్రొత్త వింత కాదు. 1691 మార్చిలో లండను నగరమున జాన్ డంటన్ అను పుస్తకముల వర్తకుడు ఒక పత్రిక మొదలుపెట్టెను. ఎవరైనను పేరు తెలుపకుండ ఏ ప్రశ్నయైనను పంపవచ్చును, జవాబు పత్రికలో అచ్చగునని ప్రకటించెను. స్త్రీలును పంపవచ్చునని ప్రత్యేకముగా చెప్పెను. ఆ దినములలో అది చిన్న మాట కాదు. సముద్రమును గూర్చి, నక్షత్రములను గూర్చి, వేదవాక్యములను గూర్చి, పెండ్లిని గూర్చి, మనస్సాక్షి బాధలను గూర్చి 1697వరకు వేలకొలది ప్రశ్నలు వచ్చెను. జవాబులు వ్రాసిన ముగ్గురు నలుగురిలో సామ్యూల్ వెస్లీ అను యువ పాదిరి ఒకడు. ఆయన డంటనుకు తోడల్లుడు. అప్పటికి పండ్రెండేండ్ల తరువాత, 1703లో, ఆయన ఇంట జన్మించిన కుమారుడే జాన్ వెస్లీ. ఆ వెస్లీ పేరిట ఏర్పడిన సంఘపు మిషనరీలే మన మెదకు దేవాలయమును కట్టించి 1924లో ప్రతిష్ఠించిరి. పేరులేని వారి ప్రశ్నలకు ఓపికగా జవాబులు వ్రాసిన చేయి మనకు పూర్తిగా పరాయి వారి చేయి కాదని చెప్పుటకే ఇంత దూరము చెప్పితిమి. అయితే ఒక సంగతి దాచరాదు. ఆ పత్రికవారు తాము పెక్కుమంది పండితుల సభగా కనబడునట్లు వ్రాసిరి. ఉన్నది ముగ్గురు నలుగురే. అది మాకు నచ్చలేదు. అడుగువాడు పేరు దాచుకొనుట వాని భయమునుబట్టి. చెప్పువాడు తన కొలతకు మించి కనబడుట వేరు సంగతి. జవాబుల గోడ తాను గోడనని మాత్రమే చెప్పుకొనును.

ఇక్కడ పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురని యెరుగుదుము. పేరులేని కాగితమనగా మన ఊళ్లలో ఆకాశరామన్న ఉత్తరము. ఆకాశరామన్న చేసిన కీడు ఇంతంత కాదు. ఉపాధ్యాయునిమీద, సంఘపెద్దమీద, పెండ్లి కుదిరిన పిల్లమీద చీకటిలో రాయి విసరినట్లు వ్రాసి, ఎన్ని ఇండ్లలో పొయ్యి ఆర్పినాడో మీకు తెలియును. అట్టి కాగితమును చదువక చింపివేయుటయే మేలు. కాని ఆకాశరామన్న ఇతరుని పేరు వ్రాసి తన పేరు దాచును. ప్రశ్న వ్రాయువాడు ఎవరి పేరును వ్రాయడు. ఈ రెంటికిని గల భేదము కాగితము విప్పగానే తెలియును. ఎవరినైనను నిందించుచున్నదా, లేక తన కొరత చెప్పుకొనుచున్నదా అని చూచిన చాలును. ఒకని కల్తీ నాణెము చూచి ఊరంతటి డబ్బును పారవేయుదుమా?

మన ప్రభువు ఇట్టి ప్రశ్నను ఎట్లు స్వీకరించెనో చూతము. యోహాను సువార్త 3వ అధ్యాయములో నీకొదేము రాత్రివేళ వచ్చెను. అతడు అధికారి, బోధకుడు. తనకు తెలియదని పగటివేళ నలుగురిలో ఒప్పుకొనలేని స్థానము అతనిది. పగలు రమ్మని ప్రభువు అతనిని పంపివేయలేదు. దీపము వెలుగున అతనితో చాల సేపు మాటలాడెను; ఆ రాత్రి అతడు అడిగిన ప్రశ్నలు మనకు నవ్వు పుట్టించునంత మోటుగా నున్నను, వాటికిని జవాబు చెప్పెను. 7వ అధ్యాయములో అదే నీకొదేము సభలో నోరు విప్పి, విచారింపక తీర్పు తీర్చవచ్చునా అని అడిగెను. 19వ అధ్యాయములో సుగంధ ద్రవ్యములు మోసికొని బహిరంగముగా వచ్చెను. రాత్రి వచ్చిన వానిని పగటికి తెచ్చుటకు ఎంత కాలము పట్టెనో లెక్కించుడి. మధ్యలో ఎవరును అతనిని తొందరపెట్టలేదు.

మత్తయి సువార్త 11వ అధ్యాయమును తీసికొనుడి. చెరలోనున్న బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులచేత ప్రశ్న పంపెను. లోకమునకు ప్రభువును చూపించిన వేలు అతనిది. ఆ మనిషికే ఇప్పుడు సందేహము. మన సంఘములో ఒక పెద్ద అట్టి ప్రశ్న అడిగినయెడల మరుసటి ఆదివారము ప్రసంగము దేనినిగూర్చి యుండునో మనకు తెలియును. ప్రభువు గద్దింపలేదు. కన్నది విన్నది పోయి చెప్పుడని ఆ వచ్చిన వారిని పంపెను. అనగా నమ్ముమని ఆజ్ఞాపింపక సాక్ష్యము చేతికిచ్చెను. వారు వెళ్లిన తరువాత జనసమూహము ఎదుట యోహానును పొగడెను. ఆ ప్రశ్నను అవిశ్వాసమునకు ఉదాహరణగా వాడుకొనలేదు.

రక్తస్రావముగల స్త్రీని ప్రభువు బయటికి పిలిచి మాటలాడింపలేదా, పేరు దాచుకొనుట ఆయనకు ఇష్టము లేదు కదా అని ఒకరు అడుగవచ్చును. మార్కు 5వ అధ్యాయమును నిదానముగా చదువుడి. స్వస్థత ముందు వచ్చెను, పిలుపు తరువాత వచ్చెను. నీవెవరో చెప్పిన గాని బాగుచేయనని ఆయన అనలేదు. తన సంగతి ఎంత చెప్పవలెనో ఆమెయే చెప్పెను. ఆమెను కుమారీ అని పిలిచెను. అంత జరిగినను సువార్తికుడు ఆమె పేరు వ్రాయలేదు. ఇంత కాలమునకును ఆమె పేరు మనకు తెలియదు.

ఇట్లు చెప్పుట సుళువు. మన ఊళ్లలో చేయుట కష్టము. బాస్టన్ కాలేజీలో వేలకొలది విద్యార్థులున్నారు. కాగితముమీది చేవ్రాత ఎవరిదో ఎవరికి తెలియును? అరువది గడపల ఊరిలో చేవ్రాత చూడగానే పేరు తెలియును. చేవ్రాత మార్చినను ప్రశ్నయే పేరు చెప్పును. వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చలేక, ఇంట లేనని చెప్పించుట పాపమా అని ఒకడు వ్రాసినాడనుకొనుడి. ఆ ఊరిలో అప్పులవాడెవడో, వడ్డీవాడు ఎవరి గుమ్మము త్రొక్కుచున్నాడో తెలియని వారెవరు? అన్యుని ప్రేమించిన క్రైస్తవ బాలిక ఏమి చేయవలెనని ఒక చీటీ వచ్చినయెడల సాయంకాలమునకు ఊరంతయు గుప్పుమనును. మాల సంఘము, మాదిగ సంఘము అని వేరువేరుగా కూర్చుండి ఒకే రొట్టె విరుచుట సరియేనా అని ఒక చిన్నవాడు అడిగెనా, వాని తండ్రిని పంచాయతికి పిలుతురు. మరియు చదువు రాని తల్లులు అనేకులున్నారు. వారు కాగితముమీద ఎట్లు అడుగుదురు?

కాబట్టి పట్టణపు గోడను తెచ్చి పల్లెలో నిలువబెట్టిన ప్రయోజనము లేదు. మనకు తగినట్లు మార్చుకొనవలెను. మా ఆలోచన ఇది. ఒక ఊరి ప్రశ్నలు ఆ ఊరిలో విప్పరాదు. ఏ సంఘపు పెట్టెను ఆ సంఘము తెరువక, అయిదారు ఊళ్ల పెట్టెలను కలిపి ఒక చోట తెరచినయెడల, చీటీ ఏ ఊరిదో తెలియదు. వాటిని ఒకరు తిరిగి తమ చేతితో వ్రాసి, మొదటి చీటీలను పొయ్యిలో వేయవలెను. వ్రాసినప్పుడు ఊరి గుర్తులు, వరుసలు, తేదీలు తీసివేయవలెను. జవాబులు మాత్రము అన్ని ఊళ్లలోను అందరికిని చదివి వినిపింపవలెను. ఏలయనగా ఒకరు అడిగిన ప్రశ్న పదిమంది కడుపులలో నున్నది. జవాబుల గోడ చేయుచున్న మేలు ఇదియే. అడిగినవాడు ఒకడు, ఆ దారిన పోవుచు చదువుకొని ఊపిరి పీల్చుకొనువారు పలువురు. చదువు రానివారి కొరకు వేరొక ఊరి స్త్రీని, నోరు అదుపుగలదని పేరు పొందిన దానిని, నెలకొకసారి పంపుట మంచిది. ఆమె ప్రశ్న మోసికొని పోవును. పేరు మోసికొని పోదు.

భాష సంగతియు మరువరాదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము ఏర్పడెను. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగువారు దానికి పాటుపడిరి. అప్పటి ప్రభుత్వములో తెలుగువాడు తన భాషలో చదువుకొనుటకు చోటు వెదకుకొనవలసి వచ్చెను. జవాబు ఎంత గొప్పదైనను అడిగినవాని ఇంటి భాషలో లేనియెడల అది జవాబు కాదు. మన ప్రసంగములలోని పెద్ద పెద్ద మాటలు విని, మా ప్రశ్నకు జవాబు వచ్చినదా రాలేదా అని తెలియక ఇంటికి పోవు ముసలివారిని గూర్చి మేము చింతించుచున్నాము.

జవాబు తెలియనప్పుడు ఏమి చేయవలెను? మనలో ఈ మాట అనుటకు అలవాటు తక్కువ గనుక నొక్కి చెప్పుచున్నాము. తెలియదని వ్రాయవలెను. గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చున్నవాడు ప్రతి సంగతి ఎరిగినవాడు కాడు. ఏది ఎక్కడ దొరుకునో వెదకుట ఎరిగినవాడు. వ్యాధిని గూర్చి అడిగినయెడల వైద్యునియొద్దకును, భూమి పట్టాను గూర్చి అడిగినయెడల వకీలుయొద్దకును దారి చూపవలెను గాని వాక్యము చదివి సరిపెట్టరాదు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక కూర్చున్నంత కాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాత అతడు అడుగని ప్రశ్నకు జవాబులు చెప్పిరి. గ్రంథము చివర దేవుడు వారిమీద కోపించెను.

2019 ఏప్రిల్‌లో మన తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడెను. అటుపిమ్మట 20 మందికి పైగా బిడ్డలు తమ ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసెను. మార్కులు వేయుటలో పొరపాట్లున్నవని గగ్గోలు పుట్టెను. తెలుగులో సున్న వచ్చినదన్న ఒక విద్యార్థినికి తిరిగి చూడగా 99 వచ్చినవి. ఆ పోయిన బిడ్డల మనస్సులలో ఏమి యుండెనో మనము చెప్పజాలము, చెప్పుట తగదు. కాని ప్రతి సంవత్సరము ఫలితముల దినమున మన ఇండ్లలోను మూలను కూర్చుండు బిడ్డలున్నారు. తప్పినయెడల ఏమగును, తిరిగి లెక్కింపుమని అడుగవచ్చునా, నాన్నతో ఎవరు చెప్పుదురు అని వారికి ప్రశ్నలున్నవి. అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దలందురు గాని, అమ్మనే అడుగలేని దినములు ఉన్నవి. 2022 అక్టోబరునుండి భారత ప్రభుత్వమువారు 14416 అను ఫోను సంఖ్యను ఏర్పాటు చేసియున్నారు. మనస్సు కలత చెందినవారు ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. సంఘపు తలుపుమీద ఈ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి యుంచుడి. ఫలితములు వచ్చు వారములో గాదు, ఇప్పుడే వ్రాయుడి. దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. ఒక సుద్దముక్క చాలును.

పెట్టె పెట్టిన క్రొత్తలో నిరాశపడకుడి. మొదట వచ్చు చీటీలు చిన్నవిగా నుండును. కోతల కాలమున ఆదివారము పొలము పోవచ్చునా, క్రిస్మసు తోరణములకు ఎంత ఖర్చు పెట్టవలెను, నోవహు ఓడలో చేపలున్నవా అని వ్రాయుదురు. కొందరు నవ్వులాటకు వ్రాయుదురు. అమెరికాలో న్యూయార్కు నగరపు గ్రంథాలయములో 2014లో ఒక పాత పెట్టె దొరకెను. 1940 మొదలు 1980ల వరకు జనులు అడిగిన ప్రశ్నలను ఉద్యోగులు చీటీలమీద వ్రాసి దానిలో దాచియుంచిరి. చదివినవారికి కొన్ని నవ్వు పుట్టించునట్టివే. అయినను ఆ దినమున బల్లయొద్ద నున్నవాడు వాటిని తోసివేయక వ్రాసికొనెను. 1968లో రాబర్ట్ టేలర్ అను పండితుడు గ్రంథాలయములలో ప్రశ్నలు అడుగు తీరును పరిశీలించి ఒక వ్యాసము వ్రాసెను. మనిషి నోటితో అడుగు ప్రశ్నకును, లోపల నున్న అవసరమునకును చాల దూరమున్నదని, రెండును ఒకటి కావని అతడు చూపెను. మనకిది క్రొత్త గాదు. సమరయ స్త్రీ మొదట నీళ్లను గూర్చి మాటలాడెను. తరువాత చేదబావి లోతును గూర్చి, తండ్రులను గూర్చి, కొండను గూర్చి అడిగెను. మధ్యాహ్నపు ఎండలో ఒంటరిగా బావికి వచ్చిన మనిషి అన్ని ప్రశ్నలు అడిగిన గాని తన సంగతికి రాలేదు.

నోవహు ఓడలోని చేపలను గూర్చి అడిగిన వానికిని మంచి జవాబు వ్రాయుడి. నవ్వుచునే వ్రాయుడి, గాని ఎగతాళి చేయకుడి. వాడు ఆ జవాబు విని, వీరు నన్ను వెదకలేదు, నాపేరు ఊహింపలేదు, చీటీని కాల్చివేసిరి అని తెలిసికొని, రెండవ నెలనో మూడవ నెలనో మరియొక చీటీ వేయును.

పెట్టెను దేవాలయపు ముందరి వసారాలో గాక, ఎవరును చూడక వేయుటకు వీలుగా ప్రక్కగోడ కిటికీయొద్ద పెట్టుడి. ప్రక్కన కాగితపు ముక్కలును, దారముతో కట్టిన ఒక పెన్సిలును ఉంచుడి. అందరును ఒకే పెన్సిలుతో వ్రాసినయెడల సిరా రంగునుబట్టి గుర్తుపట్టుటకు వీలుండదు. తాళపుచెవి మాత్రము పొరుగూరి సంఘమువారి యొద్ద నుండవలెను.